నలగని కోటు

"అది రేడియం కాదు నాన్నా" అని నేను మా నాన్నకి కనీసం వందసార్లు చెప్పి ఉంటాను. రోడ్డు పనివాళ్ళు వేసుకునే నారింజ రంగు కోటుని అందరూ రేడియం కోటనే అంటారు. దాని మీద కుట్టిన వెండిరంగు పట్టీల్లో రేడియం చుక్క కూడా ఉండదు. ఉండేవి గాజుపూసలు. పిండి రేణువుల్లాంటివి, వేలకు వేలు, పట్టీ నిండా అంటించి ఉంటాయి. వెలుతురు ఎటునుంచి వచ్చి పడితే అటే తిప్పి పంపడం వాటి పని. లారీ దీపాల వెలుతురు పట్టీ మీద పడి, పక్కకి చెదిరిపోకుండా, సరిగ్గా ఆ లారీ డ్రైవరు కళ్ళలోకే తిరిగొస్తుంది. దూరం నుంచి చూస్తే మనిషి ఛాతీ మీద దీపం వెలిగించుకుని నిలబడ్డట్టు ఉంటుంది. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నేను కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పాను. బస్సులో పక్కన కూర్చున్న ముసలావిడకి కూడా.

నేను పనిచేసేది అలాంటి సామాను అమ్మే కొట్లోనే. బండి చెడిపోతే రోడ్డు మీద పెట్టే ముక్కోణం బోర్డులు, చీకట్లో ఊపే ఎర్ర కర్రలు, అయస్కాంతంతో బండికి అతుక్కుని మినుకుమినుకుమనే బిళ్ళ దీపాలు, పడవవాళ్ళు కొనే పొగ డబ్బాలు, కొండలెక్కేవాళ్ళు కొనే అరచేతి అద్దాలు. ఆ అద్దం మధ్యలో చిన్న బెజ్జం ఉంటుంది, అందులోంచి గురిచూసి ఎండని ఎక్కడో కనుచూపు మేర ఉన్న మనిషి మీదికి విసరొచ్చు. కొట్టుకి వచ్చినవాళ్ళకి ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేదాన్ని. ఇంటికొచ్చాక ఇంట్లోవాళ్ళకి చెప్పేదాన్ని. "దీన్ని ఆపే స్విచ్చి ఎక్కడుందో కన్నవాళ్ళకే తెలీదు" అనేవాడు నాన్న.

నాన్న రోడ్డు పనుల కంపెనీలో జెండా మనిషి. పేరుకి జెండా, చేతిలో ఉండేది గుండ్రటి బోర్డు. రోడ్డు ఒక సగం తవ్వినప్పుడు రెండో సగం మీద బండ్లని వంతులవారీగా వదులుతారు కదా, ఆ సగానికి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడతారు. బోర్డుకి ఒకవైపు "ఆగు", ఇంకోవైపు "మెల్లగా". ఈ చివర నాన్న, ఆ చివర ఈల బాబాయి. బాబాయంటే రక్తసంబంధం కాదు, మా పక్కవాటా ఆయన. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ ఈల మెడలో వేలాడుతున్నా, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకునే ఈల వేసేవాడు. "కంపెనీ ఈల కాకికి జలుబు చేసినట్టుంటుంది వదినా" అనేవాడు అమ్మతో. దాని మోత ఎంత దూరం పోతుందో నేను వాదించబోతే, "నీ కొట్లో జలుబు లేని కాకి ఉంటే పట్రా అమ్మాయ్" అనేవాడు.

అమ్మది ఇస్త్రీ పని. వీధిలోకి తెరుచుకునే ముందుగదిలో కిటికీ పక్కనే పెద్ద బల్ల, దాని మీద నాలుగు మడతలేసిన దుప్పటి, ఆ పైన అంచులు కమిలిన తెల్లగుడ్డ. పెట్టె బరువు ఎంతంటే నేను రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చేది. అమ్మ ఒక్క చేత్తో, కబుర్లు చెబుతూ, చూడకుండా తిప్పేది. మా వీధిలో ఉద్యోగానికి మొదటిరోజు పోయే ప్రతి చొక్కా అమ్మ చేతి మీదుగానే పోయేది.

రెండేళ్ళ కిందట నాన్నావాళ్ళ డిపోకి కొత్త సూపర్‌వైజర్ వచ్చాడు. వచ్చిన వారంలోనే ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి సోమవారం పొద్దున్నే అందరూ కోట్లేసుకుని వరసలో నిలబడాలి. ఆయన ఫోన్లో ఫొటో తీసి హెడ్డాఫీసుకి పంపుతాడు. కోటు నలిగి ఉంటే ఆ మనిషి ఫొటోలో ఉండకూడదు, ఆ రోజు పని కూడా ఉండదు, ఇంటికి పోవాలి. "మనం రోడ్డు మీద కంపెనీ ముఖంరా. ముఖం ముడతలు పడితే ఎవడు చూస్తాడు?" అనేవాడట.

నాన్న ఆదివారం మధ్యాహ్నం కోటు తెచ్చి బల్ల మీద పడేశాడు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పింది. నారింజ గుడ్డ పల్చటిది, దాన్ని చిటికెలో చేసేసింది. కష్టమంతా పట్టీలదే. మడత పడితే వాటి మీద గీత అలాగే ఉండిపోతుంది. అమ్మ నోట్లోంచి నీళ్ళు ఊదినట్టు సన్నగా చిలకరించి, పెట్టె వేడి పెంచి, పట్టీ మీద పెట్టి రెండు చేతులా అదిమింది. గీత పోయింది. పట్టీ అద్దంలా చదునుగా వచ్చింది. ఆ సోమవారం సూపర్‌వైజర్ నాన్నని వరస ముందుకి పిలిచి, "ఇదీ కోటంటే" అన్నాడట. తర్వాతి ఆదివారానికి ఈల బాబాయి కోటు వచ్చింది. ఆ తర్వాత డిపోలో మిగతావాళ్ళవీ వచ్చాయి. నెల తిరిగేసరికి సూపర్‌వైజర్ కోటు కూడా ఒకరి చేతికిచ్చి పంపించాడు. అమ్మ అందరికీ ఊరికే చేసేది. "నా మొగుడితో పాటు ఎండలో నిలబడేవాళ్ళు" అనేది.

ఒక్కడిది మాత్రం రాలేదు. వాడికి అందరూ పెట్టిన పేరే ముడతలు. నాన్నకంటే చిన్నవాడు, పరమ బద్ధకిష్టి. కోటు తీసి నేలమీద పడేస్తాడు, దాని మీదే పడుకుంటాడు, ఆదివారం మా ఇంటిదాకా రావడానికి కూడా వాడికి ఒళ్ళు వంగదు. నెలలో రెండు సోమవారాలు వాణ్ణి ఇంటికి పంపేవారు. "వాడి కోటు చూస్తే ఆవు నమిలి వదిలేసినట్టుంటుంది" అని బాబాయి మా ముందుగదిలో కూర్చుని నవ్వించేవాడు. నేనూ నవ్వేదాన్ని. ప్రతి ఆదివారం నేను ఆ గదిలోనే, అమ్మకి ఎదురుగా కూర్చుని, గాజుపూసల గురించి మాట్లాడుతూనే ఉండేదాన్ని.

బాబాయి పోయింది ఒక పొద్దున అయిదున్నరకి. అప్పటికింకా తెల్లారలేదు, సన్నగా తుంపర పడుతోంది. ఆ చివర బోర్డు పట్టుకుని నిలబడ్డ మనిషిని లారీ వచ్చి కొట్టేసింది. నాన్న ఈ చివరి నుంచి పరుగెత్తుకుంటూ పోయాడు. ఆయన మాతో చెప్పింది ఒక్కటే. "ఈల వేశాడు. నాకు వినపడింది. ఈల వేశాడంటే వాడికి లారీ కనిపించింది. లారీవాడికే వాడు కనపడలేదు." లారీ డ్రైవరు కూడా అదే చెప్పాడు, చివరి క్షణం దాకా అక్కడ మనిషున్నట్టే తెలియలేదని.

"కనపడకపోవడమేంటి, తాగుంటాడు" అంది పిన్ని. బాబాయి భార్యని మేం పిన్ని అనేవాళ్ళం. నెలరోజులు ఆ మాట మీదే ఊపిరి పీల్చింది. డ్రైవర్ని తిట్టేది, వాడి కళ్ళని తిట్టేది, వాణ్ణి కన్నవాళ్ళని తిట్టేది. అమ్మ పక్కన కూర్చుని పిన్ని ఇద్దరాడపిల్లలకీ జడలు వేస్తూ అవునవునంటూ ఉండేది.

నెల దాటాక కంపెనీ నుంచి పిన్నికి కాగితం వచ్చింది. పనిలో పోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి డిపోలో ఉద్యోగం ఇవ్వడం కంపెనీ పద్ధతి. ఆ ఉద్యోగం వస్తే పిన్ని ఇక్కడే ఉండొచ్చు, పిల్లల చదువులు ఇక్కడే సాగుతాయి. రాకపోతే అన్నగారింటి వెనక గదిలోకి పోవాలి. ఆ వదినగారి సంగతి మాకందరికీ తెలుసు. పిన్ని కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. "చదివి పెట్టమ్మా. నాకు ఆ ముక్కలు అర్థం కావట్లేదు."

నేను పైకే చదివాను. చనిపోయిన కార్మికుడి కోటుని పరీక్షించగా దాని పట్టీలు వెలుతురుని తిప్పి పంపే గుణం పూర్తిగా కోల్పోయినట్టు తేలింది. ఇచ్చిన రక్షణ సామగ్రిని సరిగ్గా ఉంచుకోవడం కార్మికుడి బాధ్యత. కాబట్టి దీన్ని కార్మికుడి నిర్లక్ష్యంగా ఎందుకు భావించకూడదో, అలా భావిస్తే ఉద్యోగం అడిగే హక్కు ఎలా ఉంటుందో, ఫలానా తారీఖున విచారణకి వచ్చి చెప్పుకోవాలి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "పిన్నీ, ఇది పచ్చి అబద్ధం. బాబాయి ఆ కోటుని ఎలా చూసుకునేవాడో మాకు తెలీదా? కంపెనీవాళ్ళు నాసిరకం కోట్లు ఇచ్చి ఇప్పుడు చనిపోయినాయన మీదికి తోస్తున్నారు. నేను రుజువు చేస్తాను. నువ్వు నిశ్చింతగా ఉండు. ఇది నా సబ్జెక్టు పిన్నీ."

"నీకు తెలుసు కదమ్మా అవన్నీ" అంది పిన్ని. ఆ నెలలో మొదటిసారి ముఖం కాస్త తేటపడింది.

రుజువు చాలా తేలిక. టార్చిని కంటి పక్కనే, కణతకి ఆనించి పట్టుకుని పట్టీ మీద వేయాలి. మంచి పట్టీ అయితే భగ్గుమని తెల్లగా మండినట్టు కనిపిస్తుంది. సాయంత్రం నాన్న రాగానే కోటు విప్పించి, స్నానాలగదిలో కొక్కేనికి తగిలించి, తలుపు వేసి, టార్చి వేశాను. ఏమీ లేదు. మసిబారిన అల్యూమినియం గిన్నెలా బూడిదరంగు. తలుపు తీసి వెలుగులో చూస్తే మళ్ళీ వెండిలా తళతళ.

"చూశావా నాన్నా" అన్నాను సంబరంగా. నిజంగానే సంబరం. "నీదీ చచ్చింది. మొత్తం సరుకంతా చెత్త."

మర్నాడు కొట్టుకి సెలవు పెట్టి డిపోకి పోయాను. పనివాళ్ళు మారే సమయం. సామాన్ల గదిలో ఒక్కొక్కరి కోటుకీ టార్చి వేసి, ఫోన్లో ఫొటో తీసి, పుస్తకంలో రాసుకుంటున్నాను. మొదటిది, చచ్చింది. రెండోది, చచ్చింది. అయిదు, ఆరు, ఏడు, అన్నీ అంతే. "మరి మేమంతా ఇన్నాళ్ళూ దేవుడి దయవల్ల బతికామన్నమాట" అన్నాడొకాయన. అందరూ నవ్వారు, గట్టిగా కాదు.

ఆఖరుకి ముడతలు ఆవులిస్తూ వచ్చి కోటు నా మీదికి విసిరాడు. "నాది చూడక్కర్లేదక్కా, నాదెలాగూ దరిద్రమే."

దాని మీద నూనె మరకలున్నాయి, బురదుంది, పట్టీల నిండా పగుళ్ళలా గీతలున్నాయి. టార్చి వేశాను. గదంతా తెల్లబడింది. నేను కళ్ళు మూసుకోవాల్సి వచ్చింది.

"అబ్బో" అన్నాడు ముడతలు. "నా కోటుకి పెళ్ళికళ వచ్చిందే."

"ఇది కొత్తదా?" అన్నాను.

"కొత్తదేంటక్కా. అందరికీ ఒకే మూటలోంచి ఒకే రోజు ఇచ్చారు. నీకా వాసన రావట్లా?"

నేను పుస్తకం మూసేశాను. అందరూ నన్నే చూస్తున్నారు, ఏదో ఒకటి చెబుతానని. నాకు నోరు పెగల్లేదు. నా జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను.

అక్కడినుంచి నేరుగా కొట్టుకి పోయాను. వెనక గదిలో అదే రకం కోట్లు అట్టపెట్టెల్లో ఉన్నాయి. ఒకటి తీసి, లోపల పక్క కుట్టు దగ్గర ఉండే చిన్న తెల్ల లేబుల్ చూశాను. రోజూ చూస్తాను దాన్ని, సైజు కోసం. సైజు కింద వరసగా బొమ్మలుంటాయి. నీళ్ళ తొట్టి, చెయ్యి, చివర ఇస్త్రీ పెట్టె. ఇస్త్రీ పెట్టె మీద అడ్డంగా రెండు గీతలు, కొట్టేసినట్టు. డిపోలో ఎవరి కోటుకీ ఆ లేబుల్ లేదు, పక్కటెముకలకి గీసుకుంటోందని ఇచ్చిన రోజే అందరూ కత్తిరించేశారు. నా దగ్గర ఉన్నాయి. నా దగ్గర పెట్టెలకి పెట్టెలు ఉన్నాయి.

అయినా నమ్మబుద్ధి కాలేదు. ఆ కోటు కొని ఇంటికి తెచ్చాను. అమ్మ బట్టలివ్వడానికి పోయింది. పెట్టె వేడెక్కించి, అమ్మ చేసినట్టే నీళ్ళు చిలకరించి, ఎడమవైపు పట్టీ మీద మళ్ళీ మళ్ళీ పెట్టి అదిమాను. కుడివైపుది వదిలేశాను. కిటికీ మూసి, టార్చి కణతకి ఆనించుకున్నాను.

"అదేంటే, పెట్టె ముట్టుకోనిదానివి" అంటూ అమ్మ లోపలికొచ్చింది. "కరెంటు పోయిందా? కిటికీ ఎందుకు మూశావు?"

నేను టార్చి ఆర్పలేదు. ఆర్పాలని తోచలేదు. కోటు కుడివైపు మండుతోంది, ఎడమవైపు గోడలో కలిసిపోయింది. అమ్మ నా పక్కన నిలబడి చూసింది. నా చేతిలోంచి టార్చి తీసుకుని, నాలాగే కణతకి ఆనించుకుని చూసింది. పెట్టె వైపు చూసింది.

"చల్లారితే మళ్ళీ రాదా?" అంది.

"రాదమ్మా. పూసల వెనక ఉండే పూత కరిగిపోతుంది."

"ఒక్కసారికే?"

"ఒకసారికి కొంచెం. మళ్ళీ మళ్ళీ చేస్తే..."

అమ్మ బల్ల అంచున కూర్చుంది. ఎప్పుడూ అలా కూర్చోదు, బల్ల పాడవుతుందని. "పద్నాలుగు నెలలు చేశాను" అంది. "మీ బాబాయిది రెండుసార్లు చేసేదాన్ని వారానికి. బుధవారానికే నలిపేసుకుని వచ్చేవాడు, వదినా ఇంకోసారి లాగవా అని."

సాయంత్రం నాన్న మొత్తం విన్నాడు. తర్వాత తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "ఈ సంగతి ఈ గది దాటకూడదు."

"దాటకపోతే దానికి ఉద్యోగం ఎలా వస్తుంది?" అంది అమ్మ.

"కోట్లు నాసిరకమని చెబుదాం. పిల్ల చెప్పనే చెప్పింది కదా."

"ముడతలు కోటు ఉంది కదా నాన్నా" అన్నాను. "అదే మూటలోది. అది చూపించి మన మాట కొట్టిపారేస్తారు. తప్పు బాబాయి మీదే ఉండిపోతుంది."

"అయితే సూపర్‌వైజర్ నలక్కూడదన్నాడని చెబుదాం."

"నలక్కూడదన్నాడు. చేసిందెవరంటే?" అంది అమ్మ.

నాన్న అమ్మ మీద విరుచుకుపడ్డాడు. "అందరూ కలిసి నీ నెత్తిన రుద్దుతారే. వాళ్ళకి కావలసింది ఒక మనిషి. నువ్వే నడుచుకుంటూ పోయి దొరుకుతానంటావేంటి? రేపు నా ముఖం చూసి డిపోలో ఏమంటారు?"

"నీ ముఖం సంగతి తర్వాత. ముందు నేను దానికి చెప్పాలి. ఆఫీసులో పదిమంది ముందు కాదు, దాని ఇంట్లో."

విచారణకి ముందురోజు అమ్మ పక్కవాటాకి పోయింది. పావుగంటలో తిరిగొచ్చింది. ముఖం చూడగానే నాకు తెలిసిపోయింది చెప్పలేదని. "కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది" అంది అమ్మ. "రేపు నువ్వూ వస్తున్నావు కదక్కా, నాకిక భయం లేదంది. ఆ కోటు ఏరోజూ మాసి ఎరగదని నువ్వే చెప్పాలక్కా, నీకంటే ఎవరికి తెలుసంది. ఎలా చెప్పనే?"

విచారణ డిపో మేడమీద గదిలో. ఒక పొడుగు బల్ల, అటువైపు హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఆఫీసరు, పక్కన రాసుకునే అమ్మాయి, కొంచెం ఎడంగా సూపర్‌వైజర్. ఇటువైపు బెంచీ మీద పిన్ని, అమ్మ, నాన్న, నేను. ప్లాస్టిక్ సంచిలో బాబాయి కోటు బల్ల మీద ఉంది. పిన్ని దాని వైపు చూడకుండా ఉండటానికి తన చేతిగోళ్ళు చూసుకుంటోంది.

"కోటు ఎలా వాడేవారో చెప్పగలరా?" అన్నాడు ఆఫీసరు పిన్నితో. మర్యాదగానే అడిగాడు.

"మా అక్క చెబుతుందండి" అంది పిన్ని.

అమ్మ లేచి నిలబడింది. "ఆయన నిర్లక్ష్యం ఏం లేదండి. ఆ కోటు పాడుచేసింది నేను. నాది ఇస్త్రీ పని. పద్నాలుగు నెలలు వారం వారం ఇస్త్రీ చేశాను. వేడికి ఆ పట్టీలు చచ్చిపోతాయని నాకు తెలీదు. ఆయనకీ తెలీదు."

పిన్ని తల తిప్పి అమ్మని చూసింది. ఇంకా అర్థం కాలేదు ఆమెకి. తన తరఫున అమ్మ ఏదో అల్లి చెబుతోందనుకున్నట్టుంది, కొంచెం తల కూడా ఊపింది. ఆ తర్వాత ఊపడం ఆగింది.

"ఇస్త్రీ చేయమని మీకెవరు చెప్పారు?" అన్నాడు ఆఫీసరు.

"ఎవరూ చెప్పలేదండి. నలిగితే పని లేదన్నారు. నలక్కుండా ఇంకెలా ఉంటుంది?"

"నేను నీట్‌గా ఉండాలన్నానండి" అన్నాడు సూపర్‌వైజర్. "ఇస్త్రీ అన్న మాట నా నోట్లోంచి రాలేదు. ఎవర్నైనా అడగండి."

"మీ కోటు కూడా నేనే చేశాను కదండీ" అంది అమ్మ. నిష్ఠూరంగా కాదు, గుర్తుచేస్తున్నట్టు.

రాసుకునే అమ్మాయి ఆఫీసరు వైపు చూసింది. ఆయన చిన్నగా తల అడ్డంగా ఊపాడు. ఆమె పెన్ను కదల్లేదు.

నేనింక ఉండబట్టలేక లేచాను. సోమవారం ఫొటోల గురించి చెప్పాను, వరసలో నిలబెట్టి పగటి వెలుగులో చూస్తే ఏమీ తెలియదని చెప్పాను, ఆరు నెలలకోసారి చీకటిగదిలో టార్చి వేసి చూడాల్సిన బాధ్యత కంపెనీదేనని, ఈ డిపోలో ఒక్కసారైనా అలా చూసుంటే ఈ పని జరిగేదే కాదని, చెబుతూనే ఉన్నాను. ఆఫీసరు అడ్డం రాలేదు. అంతా విన్నాడు.

"మీకు చాలా తెలుసే. మీరు..?"

"ఆవిడ కూతుర్నండి. సేఫ్టీ సామాన్ల కొట్లో పనిచేస్తాను."

"ఈ కోట్లు మీ కొట్లో ఉంటాయా?"

"ఉంటాయండి."

"ఇస్త్రీ చేయకూడదని వాటి మీద ఉంటుందా?"

"ఉంటుందండి. బొమ్మ ఉంటుంది."

"మీరుండేది మీ అమ్మగారి ఇంట్లోనేనా?"

"అవునండి."

ఆయన ఇంకేం అడగలేదు. ఈ ముక్కలు మాత్రం ఆ అమ్మాయి గబగబా రాసుకుంది. నేను కూర్చున్నాను. నాన్న నా వైపు చూడలేదు, నా మోకాలి మీద చెయ్యి వేసి కొంచెం నొక్కాడు.

పది రోజులకి తీర్పు కాగితం వచ్చింది. కార్మికుడి నిర్లక్ష్యం లేదు. కంపెనీ లోపం లేదు. కంపెనీకి సంబంధం లేని, అవగాహన లేని ఇంటి మనిషి ఒకరు కోటుని ఇస్త్రీ చేయడం వల్ల నష్టం జరిగింది. చనిపోయిన కార్మికుడి భార్యకి డిపోలో ఉద్యోగం ఇవ్వడమైనది. ఆ కాగితం నకలు డ్రైవరు తరఫు వకీలు తీసుకున్నాడు. మనిషి కనపడే అవకాశమే లేదని కంపెనీయే ఒప్పుకుంది కదా అన్నాడు. డ్రైవరు మూడు వారాల్లో మళ్ళీ లారీ ఎక్కాడు.

సూపర్‌వైజర్ అక్కడే ఉన్నాడు. సోమవారం ఫొటోలు కూడా ఉన్నాయి. వరస కట్టేముందు ఆయన ఇప్పుడు అయిదు నిమిషాలు జాగ్రత్తల గురించి మాట్లాడతాడు. "ఇంట్లో ఆడవాళ్ళ చేతికి కోట్లు ఇవ్వకండిరా. ఏం జరిగిందో చూశారుగా" అంటాడట. నాన్న వరసలో నిలబడి వింటాడు.

పిన్ని ఉద్యోగంలో చేరేముందు రోజు మా ఇంటికొచ్చింది. విచారణ తర్వాత అదే రావడం. గుమ్మంలోనే నిలబడింది. అమ్మ కుర్చీ లాగబోతే వద్దంది.

"ఉద్యోగం వచ్చింది అక్కా. నీవల్లే వచ్చింది. ఆ మాట చెప్పకుండా ఉండటం బాగోదని వచ్చాను."

"నేను ముందే చెప్పాలనే వచ్చానే ఆ రోజు" అంది అమ్మ.

"వచ్చావు. మంచినీళ్ళు తాగి పోయావు." పిన్ని గొంతు పెంచలేదు. "నువ్వు కావాలని చేయలేదని నాకు తెలీదా? తెలుసు. నువ్వు చెప్పకపోతే నా పిల్లలు రోడ్డున పడేవాళ్ళు, అదీ తెలుసు. కానీ ఒకటి చెప్పనా అక్కా? నాకు ఆ డ్రైవరొక్కడు సరిపోయేవాడు. వాడెవడో, ఎక్కడుంటాడో, తిట్టుకుంటూ బతికేసేదాన్ని. ఇప్పుడు వాణ్ణి తిట్టడానికి లేకుండా చేశారు. ఇంకెవర్ని తిట్టను? నా పిల్లలకి జడలు వేసిన చేతిని తిట్టనా? ఎదురుపడితే నవ్వనా? నాకు రెండూ చేతకావట్లేదు."

అమ్మ ఏదో అనబోయింది. పిన్ని చెయ్యి ఎత్తి ఆపింది. ఆపడమంటే అరచెయ్యి చూపించింది అంతే. తర్వాత నాకేసి చూసి, "చదువుకున్న పిల్లవి" అంది. ఆ మాటకి ముందూ లేదు వెనకా లేదు. వెళ్ళిపోయింది.

డిపోకి మా కిటికీ ముందు నుంచే దారి, ఏడు నిమిషాల నడక. పిన్ని అటు రాదు. పొద్దున అయిదుంపావుకే బయల్దేరి, వెనక సందులోంచి, మార్కెట్టు చుట్టూ తిరిగి పోతుంది. ఇరవై నిమిషాలు పడుతుంది. వానాకాలంలో ఆ సందులో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. రెండుసార్లు ఆలస్యమైందని సూపర్‌వైజర్ సంజాయిషీ రాయించుకున్నాడని నాన్న చెప్పాడు.

అది విన్న రోజు అమ్మ నన్నూ నాన్ననీ ఒక పట్టు పట్టమంది. ముగ్గురం కలిసి ఇస్త్రీ బల్లని వెనక గదిలోకి, వెలుతురు సరిగ్గా రాని చోటికి జరిపాం. వీధిలోంచి పని కనపడక, ఇస్త్రీ మానేసిందనుకుని సగం మంది బట్టలు తేవడం మానేశారు. ముందుగది కిటికీ అమ్మ రోజూ పొద్దున అయిదింటికే మూసేస్తుంది. ఆరింటిదాకా తీయదు, ఎంత ఉక్కపోసినా.

ఆ సంగతి ఎవరో పిన్నికి చెప్పారు. విని ఊరుకుందట. ఇప్పటికీ వెనక సందులోంచే పోతుంది.